ప్రస్థానం పెట్టిన సంచి

వీరదుర్గ సంచి సర్దడం మొదలుపెట్టి గంటయింది. సర్దవలసినవి పట్టుమని పది వస్తువులు లేవు. నాలుగు చీరలు, దుప్పటి, పళ్ళెం, గ్లాసు, మోకాళ్ళకు రాసుకునే తైలం, కళ్ళజోడు, ఒక నోటుపుస్తకం. పెట్టినవన్నీ తీసి మంచం మీద పరిచింది, మళ్ళీ పెట్టింది. దుప్పటి బరువని తీసేసింది. చలికాలం కదా అని మళ్ళీ కుక్కింది.

సంచి కట్టాలంటే ఆమెకు భయం. తొంభై ఆరు తుపానుకు ముందు భర్త చేపల వేటకు వెళ్తుంటే మూట కట్టింది తనే. సముద్రం మీద చలేస్తుందని రెండో లుంగీ కూడా పెట్టింది. ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లోంచి ఎవరూ మూట కట్టుకుని బయలుదేరలేదు. బయలుదేరడానికి ఆమె తప్ప ఎవరూ లేరు.

"ఇంకా అవలేదేంటే? త్రయోదశి వెళ్ళిపోతోంది," అంటూ నూకరత్నం గుమ్మంలోకి వచ్చింది. "తొమ్మిదిలోపు సంచి మా గడప దాటాలన్నారు పంతులుగారు. నువ్వు సర్దేసరికి అమావాస్య వచ్చేలా ఉంది."

"వెళ్తానో వెళ్ళనో ఇంకా తెలీదు కదక్కా."

"సంచి పెట్టడానికి అదెందుకు? ముందు మంచి గడియ పోకుండా చూసుకో. వెళ్ళేదీ లేనిదీ తరవాత."

యానాం పక్కన గోదావరి పాయ ఒడ్డునున్న ఆ పేటలో అందరూ పాటించే పద్ధతే అది. బయలుదేరే రోజు మంచిది కాకపోతే, అంతకుముందే మంచి గడియలో సంచి తీసుకెళ్ళి ఇంకొకరింట్లో ప్రస్థానం పెడతారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే. మనిషి తరవాత వెళ్ళి, దారిలో సంచి అందుకుని సాగిపోతుంది. పెట్టిన సంచి మాత్రం మళ్ళీ సొంత గడప లోపలికి రాకూడదు. వస్తే ఆ ప్రయాణం చెడినట్టే.

భీమవరం దగ్గర కొత్తగా పెట్టిన రొయ్యల ఫ్యాక్టరీకి పేట ఆడవాళ్ళను తీసుకెళ్ళే వ్యాను శనివారం వస్తుంది. శనివారం పాడ్యమి. పాడ్యమినాడు పొలిమేర దాటడం వీరదుర్గకు ఇష్టం లేదు. అందుకని గురువారమే సంచి కట్టింది.

మిగతావాళ్ళు వెళ్తున్నది రొయ్యలు వలవడానికి. వీరదుర్గను రమ్మన్నది సూపర్‌వైజరుగా. ఆ ఫ్యాక్టరీ మేనేజరు జానకిరామ్ గారు పోయిన నెల ఇక్కడ వీళ్ళు రొయ్యలు వలిచే షెడ్డు చూడడానికి వచ్చినప్పుడు, ఆమె ఒక రొయ్య మెడ దగ్గర వేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది నిన్న సాయంత్రం పట్టిందండి, పొద్దున్నది కాదు," అంది. ఆయన చెరువు వాళ్ళకు ఫోను చేసి కనుక్కున్నారు. ఆమె చెప్పిందే నిజమైంది.

"మీలాంటి చెయ్యి కావాలండి మాకు. రిజిస్టరు రాయగలరా?" అనడిగారు.

ఆలోచించుకుని చెబుతానంది. తన ఫోను ఐసు టబ్బులో పడి చచ్చిపోయింది కాబట్టి నూకరత్నం నంబరు ఇచ్చింది.

వీరదుర్గ బడికి వెళ్ళలేదు. పకోడీ పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదువుతూ అక్షరాలు నేర్చుకుంది. ముప్ఫై ఏళ్ళు దాటాక నేర్చిన చదువు. ఇప్పుడు దినపత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదువుతుంది. రాయడమే ఇంకా సాగదు. ఆ నోటుపుస్తకంలో నెలరోజులుగా రొయ్యల జబ్బుల పేర్లు, టెంపరేచరు అంకెలు, బ్యాచి నంబర్లు రాసి రాసి సాధన చేస్తోంది.

నూకరత్నం ఏడో తరగతిదాకా చదివింది. పదకొండేళ్ళుగా షెడ్డులో ఇద్దరిదీ ఒకే జత. స్టీలు బల్లకు ఇటు నూకరత్నం తల తీస్తుంది, అటు వీరదుర్గ పెంకు వలిచి నరం లాగుతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే టబ్బు. జతలో ఒకరు మానేస్తే రెండోవాళ్ళు ఇంకో మనిషి దొరికేదాకా నేల కడుగుతూ ఉండాలి.

ఆ గురువారం సంచి నూకరత్నం ఇంట్లో బియ్యం డబ్బా పక్కన పెట్టాక ఇద్దరూ టీ తాగారు.

"ఏంటే, పెళ్ళికూతుర్ని పంపినట్టు ఆ మొహం?" అంది నూకరత్నం.

"భయంగా ఉందక్కా. నీకు కాబట్టి చెబుతున్నాను. అక్కడ పాతికేళ్ళ పిల్లలుంటారు, డిగ్రీలు చదివినవాళ్ళు. వాళ్ళందరి ముందూ ఒక అక్షరం తప్పు రాసి, వాళ్ళు నవ్వితే, ఆ రిజిస్టరు అక్కడే పడేసి వచ్చేస్తానేమో. నాది పొట్లాల చదువు."

"పొట్లాల చదువైనా వేడివేడిదే కదా," అని నూకరత్నం నవ్వించింది. చెయ్యి పట్టుకుని, "నువ్వు చెయ్యగలవే," అని కూడా అంది. ఆ మాటతో వీరదుర్గకు కొంచెం ధైర్యం వచ్చింది. శుక్రవారం పౌర్ణమి దీపం పెట్టుకుని, అప్పుడు ఫోను చేసి వస్తానని చెబుదామనుకుంది.

శుక్రవారం సాయంత్రం రేవులో అరటి దొప్పలో దీపం వదిలి ఇంటికొచ్చేసరికి నూకరత్నం లోపల మంచం మీద కూర్చునుంది. పక్కన సంచి.

వీరదుర్గ గుమ్మంలోనే ఆగిపోయింది. "సంచి లోపలికెందుకు తెచ్చావక్కా?"

"ఇంక దాంతో పనేముందే? ఆయన ఫోను చేశాడు. వేరే ఆవిణ్ణి పెట్టేసుకున్నారంట. చదువుకున్నావిడంట."

వీరదుర్గ గుమ్మం దాటి మంచం చివర కూర్చుంది. లోపల ఎక్కడో, నెలరోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. ఇంక ఎవరి ముందూ రాయనక్కర్లేదు. అలా హాయిగా అనిపించినందుకే సిగ్గేసింది. సంచిలోంచి కళ్ళజోడు ఒక్కటే తీసుకుంది. పేపరు చదువుతూ నిద్రపోయింది.

మర్నాడు క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వెళ్తుంటే పాలబూత్ దగ్గర వ్యాను ఆగి ఉంది. డ్రైవరు పల్లంరాజు ఆ పేటవాడే.

"ఏంటి పిన్నీ, రానన్నావంట?" అన్నాడు.

"నేననడమేంటిరా? వేరే ఆవిణ్ణి పెట్టుకున్నారంటగా."

"ఎవర్నీ పెట్టలేదు. నిన్న జానకిరామ్ గారు ఫోను చేసినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. స్పీకరులో మాట్లాడారు. నీకు భయమంట కదా. డిగ్రీ పిల్లలు నవ్వితే రిజిస్టరు పడేసి వచ్చేస్తావంట. పొట్లాల చదువంట. ఆయన నవ్వలేదులే. అయ్యో, మంచి చెయ్యండీ ఆవిడది, అన్నారు."

వీరదుర్గ చెవులు వేడెక్కాయి. ఆ మాటలు ఆమెవే. ఒక్కటీ మారలేదు. అవి ఎవరింట్లో, ఏ టీ గ్లాసు పట్టుకుని అందో పల్లంరాజుకు తెలియదు.

నూకరత్నం వాకిట్లో తల దువ్వుకుంటోంది. వీరదుర్గ క్యారేజీ అరుగు మీద పెట్టింది.

"నూకరత్నం."

దువ్వెన ఆగింది. పదకొండేళ్ళలో అక్కా అనకుండా పిలవడం అదే మొదటిసారి. "పేరు పెట్టి పిలుస్తున్నావేంటే?"

"ఆయనకేం చెప్పావు?"

నూకరత్నం జడ అల్లడం మొదలుపెట్టింది, మొహం చూడకుండా. "నువ్వన్నదే చెప్పాను. అబద్ధమేమన్నా చెప్పానా? భయమన్నది నువ్వే కదా."

"నీకు చెప్పాను. ఆయనకు కాదు."

"నువ్వెలాగూ నాలుగు రోజుల్లో ఏడుస్తూ వచ్చేస్తావు. అంతదూరం వెళ్ళి పరువు పోగొట్టుకోవడమెందుకని..."

"మరి నాకు అబద్ధమెందుకు చెప్పావు? సంచి పెట్టమన్నది నువ్వు. చెయ్యగలవే అన్నది నువ్వు."

"నువ్వు నిజంగా వెళ్తావనుకోలేదే!" అంది నూకరత్నం. సగం అల్లిన జడ వదిలేసింది. "సంచి పెడతావు, నాలుగు రోజులు మురుస్తావు, మానేస్తావు అనుకున్నాను. నిన్న ఆయనే ఫోను చేసేసరికి చెయ్యీకాలూ ఆడలేదు. నువ్వు వెళ్ళిపోతే నేనెవరికెదురుగా కూర్చోవాలి? ఈ వయసులో నేల కడగమంటావా?"

అదొక్కటే గురువారంనాడు అడిగి ఉంటే వీరదుర్గ ఆగిపోయేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అడగకుండా, తన భయాన్నే తనకు అడ్డం పెట్టిందని కూడా తెలుసు.

వ్యాను దగ్గరికి వెనక్కి వెళ్ళి, పల్లంరాజు ఫోను తీసుకుని జానకిరామ్ గారికి చేసింది.

"నేనండి, వీరదుర్గని. భయమన్న మాట నిజమేనండి. రాయడం కొంచెం నెమ్మది. తప్పులు కూడా పోతాయి. రానన్న మాట మాత్రం నాది కాదండి."

అటునుంచి ఆయన అన్నారు, "రేపు ఇంకొకరికి చెబుదామనుకుంటున్నానండి. మీరొస్తానంటే ఆగుతాను. వస్తారా మరి?"

ఇప్పుడు కాదంటే రేపు పొద్దున్న మళ్ళీ అదే బల్ల దగ్గర, అదే మొహానికి ఎదురుగా కూర్చోవాలి.

"ఈ వ్యానులోనే వస్తానండి."

ఇంటికెళ్ళి కళ్ళజోడు సంచిలో పెట్టి, జిప్పు లాగి, తలుపుకు తాళం వేసింది. సందు మొదట్లో నూకరత్నం నిలబడి ఉంది, జడ సగం అల్లి సగం వదిలేసి. మరిచిపోయిన క్యారేజీ చేతిలో ఉంది.

"రాహుకాలం వచ్చేసిందే. పదిన్నరదాకా ఆగు. పైగా ఇంట్లోకి వచ్చిన సంచి అది."

"పదిన్నరలోపు ఇంకో ఫోను చేస్తావా?"

నూకరత్నం క్యారేజీ ముందుకు చాచింది. "అన్నమన్నా పట్టుకెళ్ళు దుర్గా."

వీరదుర్గ అందుకోలేదు. వ్యానులో వెనక ఎనిమిదిమంది ఆడవాళ్ళు, జతలు జతలుగా, ఎవరి జతతో వాళ్ళు కూర్చున్నారు. ఆమె ముందు సీట్లో, పల్లంరాజు పక్కన, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంతెన దాటేదాకా అద్దంలోకి చూడలేదు.

వీరదుర్గ ఆ పేటకు మళ్ళీ రాలేదు. వెళ్ళింది రెండు వేల ఇరవై నాలుగు నవంబరు పదహారు, శనివారం, ఉదయం తొమ్మిదింపావుకు.