మామునూరు గాలిసంచి

ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పితే మన్నించండి. నేను అక్షరాలు దిద్దే నాటికి నా జుట్టు తెల్లబడింది. ఒక్కో మాట రాయడానికి బియ్యంలో రాళ్లు ఏరినంత సేపు పడుతుంది. మా ఆయన ఉన్నన్నాళ్లూ నేను ఆయన పేరు నోటితో పలకలేదు. కథ చెప్పాలంటే పేరు కావాలి కనుక, ప్రభుదాసు అని రాస్తున్నాను.

ప్రభుదాసు కంబం దగ్గర నిలబడి తాడు వదులు చేస్తున్నాడు. గాలిసంచి మెల్లగా కిందికి దిగి అతని చేతుల్లో కుప్పగా పడింది. ఎర్ర పట్టీ, తెల్ల పట్టీ కలిపి కుట్టిన పొడుగాటి గుడ్డ గొట్టం అది. గాలి ఎటు పోతే అటు నిండి నిలుస్తుంది. పైనుంచి వచ్చే పైలట్లు దాన్ని చూసే ఏ దిక్కు నుంచి దిగాలో తేల్చుకుంటారు. రాత్రి గాలికి అది మెడ దగ్గర చినిగింది. చినుగును వేళ్లతో తడిమి, సంచిని భుజాన వేసుకుని, మైదానం అంచున ఉన్న మా గుడిసెకు తెచ్చాడు. ఇంట్లో ఎర్ర గుడ్డ లేదు. నా పాత చీర నీలం అంచు చించి అతుకు వేశాను.

"పైలట్లు నవ్వుతరేమో" అన్నాడు.

నవ్వితే నవ్వనీ, గాలికి రంగుతో పనేముంది అన్నాను.

అతను పొట్టి మనిషి. మెడ ముందుకు వంగి ఉండేది. ఇంజన్ల చప్పుడుకు ఎడమ చెవి మందగించింది. కుడి అరచేయి ఎడమ అరచేతి కంటే దళసరిగా, నాగలి పిడిలా నున్నగా ఉండేది. అది విమానం ముక్కుకుండే కర్ర పంక తిప్పీ తిప్పీ అట్లా అయింది. తొర్రూరు దగ్గరి పల్లె అతనిది. తండ్రి దొర గడీలో వెట్టి చేస్తూనే పోయాడు. నిజాం కాలంలో మామునూరు విమానాల బాట బాగుచేయడానికి మట్టి కూలీకి వచ్చిన ప్రభుదాసు మళ్లీ ఊరి మొహం చూడలేదు. తర్వాత సరుకులు మోసే ఒక చిన్న విమాన కంపెనీ, తన కొత్త పైలట్లకు ఇక్కడ నేర్పడం మొదలుపెట్టింది. బాట మీది పశువులను తోలడం, గాలిసంచి ఎక్కించడం, చక్రాల కింద చెక్కలు పెట్టడం, పంక తిప్పడం అతని పనులయ్యాయి. ఇక్కడ అతన్ని 'ఒరేయ్' అని పిలిచేవాళ్లు లేరు. అతనికి కావలసింది అంతే. ఈ పని పోతే మళ్లీ ఆ పల్లెకే, ఆ గడీ వాకిట్లోకే పోవాలి.

ఆ రోజు తేలవలసింది అదే.

ఆ చిన్న కంపెనీ బొంబాయిలోని పెద్ద కంపెనీలో కలుస్తున్నది. పెద్ద కంపెనీ తరఫున రాజేశ్వర్ రావు అనే ఆఫీసరు మాట్లాడడానికి వచ్చాడు. నేర్చుకునే పైలట్లకు ఆఖరు పరీక్ష పెట్టే పెద్దమనిషి కూడా ఆ రోజే వచ్చాడు. పొద్దు గూకక ముందే వెళ్లిపోతాడు. ఆ లోపల పాసైన వాళ్లకే కొత్త కంపెనీలో చోటు.

ప్రభుదాసు సంచిని కంబం ఎక్కించి బాట మీదికి పోయేసరికి పక్క పల్లె ముసలామె బక్కమ్మ బర్రెలు అడ్డంగా పడుకుని ఉన్నాయి. అతను కర్ర ఊపుతుంటే బక్కమ్మ గట్టు మీది నుంచి కదలలేదు.

"నీ కంపెనీనే పోతాందట గద పిలగా. రేపటికెల్లి నా బర్రెలను ఎవలు తోలుతరు?"

"పోతలేదు అత్తా, పెద్దదాంట్ల కలుస్తాంది. నేను గూడ కలుస్త."

"మంచిగుంది. నా బర్రెలను గూడ కలుపుమను."

షెడ్డులో బల్ల వేశారు. ముందు పైలట్ల ముచ్చట. ఎవరి సర్వీసు ఎంత లెక్కకు వస్తుంది, ఎవరు కెప్టెను సీట్లో కూర్చోవాలి, ఎవరు పక్క సీట్లో కూర్చోవాలి అని మధ్యాహ్నం దాకా నడిచింది. ప్రభుదాసుతో కలిపి కింద పనిచేసే నలుగురూ బయట ఖాళీ పీపాల నీడన కూర్చున్నారు. వాళ్ల తరఫున మెకానిక్కు వెంకట్రాజం లోపలికి పోయాడు, బయటికి వచ్చాడు, మళ్లీ పోయాడు. చివరికి వచ్చి ప్రభుదాసు పక్కన కూలబడ్డాడు. తీసుకుంటాం అంటున్నారు గాని కాగితం మీద పెట్టమంటే బొంబాయిని అడగాలి అంటున్నారని చెప్పాడు.

"ఇయ్యాల పంక మీద చెయ్యి వెయ్యకు ప్రభుదాసూ. నేనైతె ముట్ట. నువ్వు గూడ తిప్పకుంటె ఒక్క విమానం లేవది. రాసిస్తెనే తిప్పు. మనకున్నది గా ఒక్క చెయ్యే."

నిజమే. ఆ చిన్న విమానాలకు మీట నొక్కితే కదిలే ఇంజన్లు లేవు. ముందు నిలబడి కర్ర పంకను చేత్తో తిప్పాలి. ఒకసారి నేర్చుకునే పిల్లవాడొకడు తిప్పబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నాక, ప్రభుదాసు, వెంకట్రాజం తప్ప ఎవరూ దాన్ని ముట్టగూడదని కంపెనీ కట్టడి చేసింది.

పంక తిప్పడానికి ఒక పద్ధతి ఉంది. కింద ఉన్నవాడు 'స్విచ్ ఆఫ్' అంటాడు. పైన కూర్చున్నవాడు చూసుకుని అదే మాట తిరిగి అంటాడు. కిందివాడు పంకను సరిచేసి 'కాంటాక్ట్', అంటే ఇక స్విచ్ వెయ్యి అంటాడు. పైవాడు మళ్లీ అదే మాట అంటాడు. మాట తిరిగి రాకపోతే పంకను తాకకూడదు. తిరిగి వచ్చిన మాట అబద్ధమైతే చేతులు తెగిపోతాయి. అన్నేళ్లలో ఆ మాట అబద్ధం కాలేదు. ప్రభుదాసు చేతులు రెండూ ఆ నమ్మకం మీదే మిగిలాయి.

హన్మకొండ నుంచి వచ్చి నేర్చుకుంటున్న గోపాల్ విమానం పక్కన నిలబడి ఎండలో చెమటలు కక్కుతున్నాడు. మెల్లగా పీపాల దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పొద్దు దిగుతాంది. ఇయ్యాల ఎగరకుంటె నా పని అయిపోతది."

ప్రభుదాసు లేచి, చెప్పులు బయట విడిచి, షెడ్డులోకి పోయాడు. ఆ తర్వాత జరిగింది వెంకట్రాజం నాకు చాలాసార్లు చెప్పాడు.

"సారూ, మమ్ముల నలుగురిని తీసుకుంటరా?"

రాజేశ్వర్ రావు చాయ్ కప్పు దించి, తీసుకుంటామయ్యా అన్నాడు. ప్రభుదాసు కదలలేదు.

"మామునూరోళ్లను నలుగురిని తీసుకుంటరు, సారూ."

"మామునూరు వాళ్లను నలుగురినీ తీసుకుంటాం."

ప్రభుదాసు దండం పెట్టి బయటికి వచ్చాడు. మాట తిరిగి వచ్చింది అన్నాడు. వెంకట్రాజం అతని చెయ్యి పట్టుకున్నాడు.

"గాయిన పంక కింద చెయ్యి పెట్టిండానే, మాట తప్పితే తెగెతందుకు? కుర్సీల కూసున్నడు. జర ఆగు."

"పెద్దమనిషి. అందరు ఇంటుండంగ అన్నడు" అని చెయ్యి విడిపించుకున్నాడు ప్రభుదాసు.

గోపాల్ ఎక్కి కూర్చున్నాడు. ప్రభుదాసు కాళ్లు ఎడంగా పెట్టి, కుడి అరచేతిని చెక్క మీద ఆనించి అరిచాడు. గోపాల్ తిరిగి అరిచాడు. పంక గిర్రున తిరిగింది, దుమ్ము లేచింది. గాలిసంచి నిండుగా ఉంది. గోపాల్ దాన్ని చూసుకుంటూ లేచాడు, మైదానం చుట్టి వచ్చి పూవు పెట్టినట్టు దిగాడు. మిగిలినవాళ్లూ ఎగిరారు, దిగారు. అందరూ పాసయ్యారు. వెంకట్రాజం పీపాల నీడలోనే కూర్చుని ఉన్నాడు. ఆఫీసరు జీపు పోతుంటే ప్రభుదాసు చక్రాల చెక్కలు చంకలో పెట్టుకుని దండం పెట్టాడు. జీపులోంచి ఒక చెయ్యి లేచింది.

ఆ సాయంత్రం అతను ఎండు చేపల కూరతో కడుపు నిండా తిన్నాడు. ప్రార్థనలో ఆఫీసరు పేరు కూడా కలిపాడు.

ఆ వారంలోనే విమానాలన్నీ హైదరాబాదు పోయాయి. వాటి పంకలు కూడా అతనే తిప్పాడు. గోపాల్ పోతూ పోతూ మా గుడిసె మీద రెక్క వంచాడు. కొన్నాళ్లకు వెంకట్రాజం హైదరాబాదు పోయి అడిగి వచ్చాడు. మెకానిక్కు కనుక అతన్ని తీసుకున్నారు. మిగిలిన నలుగురూ మైదానానికి చెందినవాళ్లనీ, కంపెనీకి మైదానంతో ఇక సంబంధం లేదనీ, సర్కారును అడుక్కొమ్మనీ చెప్పారట. సర్కారు ఆఫీసులో అసలు మీరెవరు అన్నారు. రాజేశ్వర్ రావు అప్పటికే బొంబాయి వెళ్లిపోయాడు. వెంకట్రాజం ఇదంతా చెబుతుంటే ప్రభుదాసు తలుపు పట్టుకుని విన్నాడు. ఆయన తిరిగి అన్నడు గద, అన్నాడు.

మిగిలిన ముగ్గురూ కూలికి తలో దారి పట్టారు. ప్రభుదాసు ఊరికి పోలేదు. నేను నాట్లకు, కలుపుకు పోయి తెచ్చేదాన్ని. అతను రోజూ పొద్దున్నే బాట మీది పశువులను తోలి, కంబం కింద కూర్చునేవాడు. బక్కమ్మ ఎగతాళి మానేసింది. అతను కనిపించగానే తనే బర్రెలను పక్కకు మళ్లించేది.

మరుసటి ఎండాకాలం అతనికి జ్వరం తగిలింది. దవాఖానకు పోదామని బండి కోసం చూస్తున్నాం. గాలి ఎటుందని అడిగాడు. పడమటి గాలి అన్నాను. 'పడమటి గాలి' అని తనూ మెల్లగా అన్నాడు. బండి వచ్చేసరికి పోయాడు.

సమాధి చేసి వస్తూ మైదానం మీదుగా నడిచాను. తాడు ముడి విప్పడం అతనికే తెలుసు కనుక గాలిసంచిని ఎవరూ దించలేదు. ఎండకు ఎరుపు, తెలుపు కలిసి ఒకే మట్టి రంగు అయ్యాయి. మెడ దగ్గర నా చీర అంచు మాత్రం ఇంకా నీలంగానే ఉంది, సంచి గాలి నింపుకుని, ఖాళీ బాట మీద, దిగేవాళ్ల కోసం దారి చూపిస్తున్నది.

— మంద ఏసమ్మ, డెబ్బై రెండేళ్లు. ఇప్పుడు నెక్కొండలో, స్టేషను వెనక మా చిన్నబిడ్డ ఇంట్లో ఉంటున్నాను.