మోగని ఫోను

చిట్టితల్లీ, ఆ దుప్పటి తెచ్చుకుని ఇలా నా పక్కకి జరుగు. మీ తాతయ్య కడుపులో రాళ్ళు తీయించిన రోజు మీ అమ్మ ఏం చేసిందో చెబుతాను. తను ఎలాగూ చెప్పదు, గొప్పలు చెప్పుకోవడం దానికి చేతకాదు.

మీ అమ్మ అప్పటికి ఆ ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో పనికి కుదిరి ఎంతో కాలం కాలేదు. ల్యాబులో తేలిన రిపోర్టుల్ని వార్డుల్లోని తెరల మీదకు చేర్చేది అక్కడి సర్వరే. అది తను చేసే ప్రతి పనినీ ఎప్పటికప్పుడు లాగ్ ఫైల్లో వరుసగా రాసిపెడుతుంది. దాన్నంతా మనిషి కూర్చుని చదవలేడు కదా, అందుకని మీ అమ్మ ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాముని కాపలా పెట్టింది. ఏ వరుసలో ఏది టైము, ఏది రోగి నంబరు, ఏది నిజమైన గొడవ, ఏది ఉత్త సణుగుడు, అన్నీ దానికి ఓపికగా నేర్పింది. గొడవ కనబడగానే మీ అమ్మ ఫోను మోగించాలి. అదే దాని ఉద్యోగం.

ఆ ఉదయం మీ తాతయ్య ఆసుపత్రి గౌను వేసుకుని, గుక్కెడు మంచినీళ్ళయినా లేకుండా మంచం మీద కూర్చున్నాడు. అంతకుముందంతా నొప్పితో మెలికలు తిరిగిన మనిషి. ఇంకా ఆలస్యమైతే లోపల చీము పడుతుందని పెద్ద డాక్టరు చెప్పాడు. అయినా ఆయన నోరు ఊరుకుంటుందా?

"మీ అత్తయ్య ఇన్నేళ్ళూ ఏరకుండా వండిన బియ్యంలో రాళ్ళేనమ్మా ఇవన్నీ," అన్నాడు మీ అమ్మతో.

"కళ్ళజోడు పెట్టుకుని మీరే ఏరి ఇస్తానంటే నేను వద్దన్నానా?" అన్నాను.

ఇంతలో నర్సమ్మ వచ్చింది. "రక్తం గడ్డకట్టే పరీక్ష రిపోర్టు ఇంకా తెర మీదకు రాలేదండీ. అది చూడందే డాక్టరుగారు కత్తి పట్టరు. కాసేపట్లో రాకపోతే పక్క మంచం ఆయన్ని లోపలికి తీసుకెళ్తాం. మీది మళ్ళీ ఎప్పటికో!"

నేను మంచం ఊచ గట్టిగా పట్టుకున్నాను. మీ అమ్మ ల్యాబుకి ఫోను చేస్తే, పొద్దున్నే పంపేశామన్నారు.

"మరి నీ కాపలావాడు ఏమంటున్నాడమ్మా?" అని అడిగాను.

"ఏమీ అనట్లేదత్తయ్యా. మోగలేదంటే అంతా బాగున్నట్టే కదా..." అంటూ సగంలో ఆగిపోయింది. గబగబా సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, తాతయ్య కాళ్ళ దగ్గరే మంచం మీద తెరిచింది.

తీరా చూస్తే ఏముంది! ఫైలు నిండిపోయినప్పుడు సర్వర్ దాని పేరు మార్చి పక్కన పెట్టేసి, పాత పేరుతోనే కొత్త ఫైలు మొదలుపెడుతుందట. ముందురోజు సాయంత్రం అదే జరిగింది. మన ఏజెంటు మాత్రం పక్కన పెట్టిన ఫైలునే పట్టుకుని, కొత్త వరుస ఎప్పుడొస్తుందా అని గుడ్లప్పగించి కూర్చుంది.

"నా తప్పే. ఫైలుని పట్టుకోమన్నాను గానీ, పేరుని పట్టుకోమనలేదు," అంది మీ అమ్మ.

"ఖాళీ చేసిన ఇంటికి కాపలా కాస్తున్నాడన్నమాట," అన్నాడు తాతయ్య. "పాపం, నమ్మకస్తుడే."

మీ అమ్మ సెట్టింగుల్లో ఆ ఒక్క సంగతి మార్చి, కొత్త ఫైలుని మొదటి నుంచీ చదవమని చెప్పి, ఏజెంటుని ఆపి మళ్ళీ నడిపించింది. అంతే, ఫోను గొల్లుమంది! వార్డంతా మావైపే తిరిగింది. మీ అమ్మేమో కళ్ళనీళ్ళతో నవ్వుతోంది. గొడవ కబురు విని అంత సంతోషించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. రోగి నంబరు లేని రిపోర్టు ఒకటి దారికి అడ్డం పడిందని ఆ కబురులోనే ఉంది. కంప్యూటర్ల గదికి ఫోను చేసి దాన్ని పక్కకి తీయించగానే వెనకున్నవన్నీ కదిలాయి.

"వచ్చేసింది, బాగానే ఉంది, పదండి!" అని నర్సమ్మ గుమ్మం దగ్గర్నుంచే కేకేసింది. నేను పట్టుకున్న మంచం ఊచ వదిలేసరికి చేతిలో అచ్చులు పడి ఉన్నాయి.

మత్తు దిగాక మీ తాతయ్య అడిగిన మొదటి మాట, "వాడికి జీతం పెంచారా?" అని.

ఇప్పుడు ఆ ఏజెంటు ఏ గొడవా లేకపోయినా రోజూ పొద్దున్నే "మేలుకునే ఉన్నాను" అని మీ అమ్మకి ఒక మెసేజి పంపాలి. అది చూశాకే ఆవిడగారు కాఫీ తాగుతుంది.

ఇది మర్చిపోకు తల్లీ. మీ తమ్ముడికి మాటలు వచ్చాక నువ్వే కూర్చోబెట్టి చెప్పు. తాతయ్య జోకులన్నీ చెప్పు, బియ్యం సంగతి మాత్రం నా తరఫునే చెప్పాలి, సరేనా?