లాక్ స్క్రీన్ మీద ఒట్టు

శనివారం రాత్రి ట్యాబ్ కవరు జిప్పు లాగి చూసిన రోజారమణి అక్కడే కూలబడిపోయింది. లోపల ట్యాబ్ లేదు, సరిగ్గా అంతే పొడవు, అంతే బరువున్న నేల టైల్ ముక్క ఉంది.

ఎవడో తొందరలో కొట్టేసిన పని కాదిది. కొలత చూసి కోసి, అంచులు అరగదీసి, భుజాన వేసుకున్నా తేడా తెలియకుండా అమర్చారు. తీసినవాడికి ట్యాబ్ బరువు తెలుసు. సోమవారం దాకా ఆమె జిప్పు తీయకపోతే చాలన్న సంగతీ తెలుసు.

సోమవారం ఎంక్వయిరీ.

గాజువాక అవతల ఒక ప్రైవేటు స్టీలు యార్డులో రోజారమణి సేఫ్టీ సూపర్‌వైజరు. ఆమె భర్త సింహాద్రి అక్కడే క్రేన్ ఆపరేటరు. గురువారం మధ్యాహ్నం బరువుకి కట్టిన ఇనప వైరు తాడు తెగి, క్రేన్ ఎత్తిన స్టీలు రేకు చుట్ట కింద పడింది. చలమయ్య అనే కార్మికుడి కాలు నుజ్జయింది. సాయంత్రానికల్లా యార్డంతా ఒకటే మాట: సింహాద్రి తాడు మోయలేనంత బరువు ఎత్తాడని. ఆ మాట నిలబడితే ఉద్యోగం పోతుంది, పైగా పోలీసు కేసు వస్తుంది.

ఆ మాటని కొట్టిపారేసే సాక్ష్యం ట్యాబ్‌లో ఉంది. ఆ రోజు పొద్దున్నే ఆమె ఆ తాడు ఫోటో తీసింది. పోగులు లేచిపోయి, చీపురు కొసలా ఉంది. 'వెంటనే మార్చాలి' అని కింద రాసింది. ఎవరూ మార్చలేదు. యార్డు యాప్‌లో తీసిన ఫోటోలు బయటికి పంపడానికి కుదరదు. ఆఫీసు వైఫై తగిలితేనే హెడ్డాఫీసుకి చేరతాయి. ఆ వైఫై గురువారం నుంచి పనిచేయడం లేదు. ఫోన్‌తో తెర ఫోటో తీసుకుని చూపిస్తే, మేనేజరు గురునాథరావు నవ్వి, "ఇలాంటివి మా పిల్లాడు రోజుకి పది తయారుచేస్తాడమ్మా" అన్నాడు.

అందుకే రెండ్రోజులుగా ట్యాబ్‌ని భుజం మీంచి దించకుండా తిరిగింది. దించకుండా అనుకుంది గానీ, క్యాంటీన్‌లో, చేతులు కడుక్కునే చోట, మేనేజరు గది ముందు బెంచీ మీద దించిన ప్రతిసారీ ఇప్పుడు గుర్తొస్తోంది.

"ఏటే, అలగ కూలబడిపోనావ్?" సింహాద్రి గుమ్మంలోంచి అడిగాడు.

ఆమె టైల్ ముక్క ఎత్తి చూపించింది. అతను దాని వైపు ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకున్నాడు.

"మేనేజరుగాడే. ఇంకెవుడు?"

"పద మావా, పోలీస్ టేసన్‌కి ఎల్దాం."

"వొద్దే! ఉన్న గొడవ సాల్లేదేటి? ఎంక్వయిరీకి ముందు పోలీసోల్లని ఇంటి మీదకి తెచ్చుకుంటావా?"

అతను సాధారణంగా గొంతు పెంచడు. భయపడిపోయాడనుకుంది రోజారమణి. భయపడాల్సినవాడే కదా.

ఒక్క సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకే తెలియదు.

యార్డువాళ్లు ట్యాబ్ ఇచ్చిన కొత్తల్లో, స్కూల్లో తనతో చదువుకున్న ఫెబా పట్టుబట్టి అందులో ఒక ఏర్పాటు చేయించింది. ఫెబా మధురవాడలో ఐటీ ఆఫీసులో పనిచేస్తుంది. "పనికొచ్చే వస్తువు కాబట్టి పోతుంది. నీ మెయిల్‌తో లాగిన్ చెయ్యి. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచు. ఇదిగో, 'ఫైండ్' అని ఉంది చూడు, అది కూడా ఆన్ చెయ్యి. పాస్‌వర్డ్ బుర్రలో పెట్టుకో, గోడ మీద రాయకు. ట్యాబ్‌లో సిమ్ ఉంది కదా, రేపు పోతే ఏ ఫోన్‌లోంచైనా ఎక్కడుందో చూడొచ్చు" అంది. అప్పుడు రోజారమణి నవ్వింది.

ఆదివారం పొద్దున్న సింహాద్రి, ఆసుపత్రికెళ్లి చలమయ్యని చూసి వస్తానని బయల్దేరాడు. అతని బండి మలుపు తిరగగానే ఈమె స్కూటరు తీసింది.

ఫెబా అప్పుడే చర్చి నుంచి వచ్చింది. చీర మార్చుకోకుండానే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, రోజారమణి చేత మెయిలూ పాస్‌వర్డూ కొట్టించింది. మ్యాప్ తెరుచుకుంది.

"ఇప్పుడు ఆఫ్‌లో ఉందే. ఆఖరుగా కనిపించిన చోటు చూపిస్తోంది. శనివారం సాయంత్రం..." ఫెబా ఆగిపోయింది.

"ఎక్కడే? యార్డేనా?"

"కాదు. మీ వీధి."

తెర మీద నీలం వలయం. దాని కింద రోజారమణి ఇల్లూ, చుట్టూ ఇంకో ముప్ఫై నలభై ఇళ్లూ ఉన్నాయి.

"అంటే యార్డులో పోలేదు. ఇంటికొచ్చాక పోయింది" అంది ఫెబా మెల్లగా. "నిన్న మీ ఇంటికి ఎవరొచ్చారు?"

"గోపి వొచ్చాడు. మా తమ్ముడు. యార్డులో తాడు కట్టే పని ఆడిదే. ఆ పెమాదం సూసి జరం తెచ్చుకున్నాడు, అత్తోరింటికి ఎల్తన్నానని సెప్పిపోడానికి వొచ్చాడు."

"ఇంకా?"

"ఇంకెవరున్నారు? నానూ మా ఆయనా."

ఫెబా ల్యాప్‌టాప్ మీంచి తల తిప్పి ఆమె వైపు చూసింది. ఆ చూపుకి రోజారమణికి మండింది.

"అలగ సూడకే. ఆయన్ని కాపాడుకోడానికే కదా ఈ తిరుగుడంతా! మేనేజరు మడిసిని ఎంట పంపుంటాడు. మా సందులో ఎవుడు ఎక్కడ నిలబడ్డా అడిగీవోడే లేడు."

"సరే, నేనేమన్నాను? ఇలా చేద్దాం. దీనికి లాక్ పెట్టి, తెర మీద కనబడేలా ఒక మాట రాద్దాం. వాడు ఆన్ చేసిన మరుక్షణం అది కనబడుతుంది, ఎక్కడున్నాడో మనకి తెలుస్తుంది. ఏం రాయను? 'తెచ్చిచ్చినవారికి బహుమతి' అని రాయనా?"

"మేనేజరుకి మన బహుమతి ఏటి లెక్క? నాను సెప్తాను, నువ్వు కొట్టు. 'ఇది మీ దగ్గరుంటే ఇచ్చేయండి. ఎందుకు తీశారని ఏమీ అడగను. సింహాద్రి అప్పన్న మీద ఒట్టు.'"

ఫెబా కొడుతూ నవ్వింది. "దొంగకి ఒట్టేస్తున్నావా? పోలీసులు వింటే పొర్లి పొర్లి నవ్వుతారు."

"నవ్వనీ. ఈ ఊల్లో సింహాచలం అప్పన్న సామి పేరు సెప్పి అబద్దమాడీవోడు లేడు. నమ్మి తెచ్చిత్తాడు, సూడు."

మధ్యాహ్నం భోజనం పళ్లేల్లో ఉండగా ల్యాప్‌టాప్ టింగుమంది. నీలం చుక్క వెలిగింది. గాజువాకలో కాదు. సముద్రం పక్కన, భీమిలిలో.

"మోగించు! బేగి మోగించు!"

ఫెబా శబ్దం బొమ్మ నొక్కింది. ట్యాబ్ మోగుతోందని తెర మీద చూపించింది. అంతలోనే చుక్క బూడిదరంగుకి మారిపోయింది. ఎవరో ఆపేశారు.

"మేనేజరు ఇల్లు ఎక్కడ?" అడిగింది ఫెబా.

"భీమిలి" అంది రోజారమణి. అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

దారిలో గోపికి ఫోన్ చేసింది. వాడి అత్తారిల్లు కూడా భీమిలే. తను వెళ్లేలోగా మేనేజరు ఇంటి మీద ఒక కన్నేసి ఉంచమందామని. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

గురునాథరావు లుంగీలో, వరండాలో కూర్చుని పత్రిక చదువుతున్నాడు. ఆమెని చూసి ఉలిక్కిపడలేదు. కుర్చీ చూపించాడు.

"నా ట్యాబ్ ఇచ్చీండి సార్. ఇప్పుడే ఇక్కడ మోగింది."

"ఏ ట్యాబ్? అది పోయిందా?" పత్రిక మడిచి పక్కన పడేశాడు. ఆ మొహంలో ఆశ్చర్యం నటనే అయితే బాగా నేర్చినవాడై ఉండాలి. "ఎప్పుడు పోయింది? ఎంక్వయిరీ రేపు పెట్టుకుని ఇప్పుడా చెప్పడం?"

"మీకు తెలీదా? వైఫై కట్టేయించినోల్లకి తెలీదా?"

"అమ్మా, రూటరు కాలిపోయింది. కొత్తది రేపొస్తుంది. నీ తాడు ఫోటో బయటికొస్తే చీవాట్లు తినేది స్టోర్సు వాళ్లు, నేను కాదు. నేనెందుకు దాస్తాను? నిజం చెప్పాలంటే ఆ ట్యాబ్ నీకంటే నాకే ఎక్కువ కావాలి."

"మీకెందుకు?"

"గురువారం మధ్యాహ్నం పని మళ్లీ మొదలెట్టేముందు కూలీలని నిలబెట్టి వీడియో తీశావు కదా, రోజూ తీసేదే. వెనకాల క్రేన్ నడుస్తోంది. అది చూడాలి నేను."

"అందులో ఏటుంది సూడ్డానికి?"

గురునాథరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "క్యాబిన్‌లో మనిషి."

"మా ఆయనే కదా!"

"అదే అయితే నాకూ సంతోషమే" అన్నాడాయన.

గాజువాక దాకా ఆ మాట ఆమె వెనక సీట్లో కూర్చుని వచ్చినట్టే ఉంది. వీడియోలో కూలీల మొహాలు, హెల్మెట్లు సరిగా పడ్డాయా లేదా అనే చూసింది తప్ప వెనకాల పైకి చూడలేదు. క్యాబిన్‌లో సింహాద్రి కాక ఇంకెవరుంటారు?

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా గోడ మీదే ఉంది. సింహాద్రి వచ్చేశాడు. అరుగు మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. వేళ్ల సందుల్లోంచి ఇసుక జారి నీళ్లతో పాటు కాలవలోకి పోతోంది.

"ఎక్కడికెల్లావే?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఫెబా కాడికి. చలమయ్యకి ఎలగుంది?"

"బానే ఉన్నాడు."

"ఆపరేషన్ ఎప్పుడన్నారు?"

"సూడాలన్నారు."

"ఏ వార్డులో ఎట్టారు మావా? రేపు నానూ ఎల్తాను."

"పెద్ద వార్డులోనే."

"ఆల్లావిడ కనబడిందా? ఏటంది?"

చెంబు ఠంగున కింద పెట్టాడు సింహాద్రి. "ఏటే నీ గోల? పోలీసోల్లలాగ! ఏటీ అడగనని అప్పన్న మీద ఒట్టేసి, మల్లీ ఇన్ని అడుగుతావేటి? ఒట్టు తప్పితే కల్లు పోతాయే!"

చెంబులోంచి ఒలికిన నీళ్లు ఆమె పాదాల దాకా వచ్చాయి. ఆమె కదల్లేదు.

ఆ ఒట్టు తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఇద్దరు. ఒకరు చెప్పిన మనిషి, ఇంకొకరు కొట్టిన మనిషి. మూడో మనిషి ఉంటే, అది ట్యాబ్ తెర మీద చూసినవాడే.

సింహాద్రికీ అర్థమైంది. నోటి దగ్గరికి వెళ్లబోయిన చెయ్యి సగంలో ఆగిపోయింది. అప్పన్న పేరు పెట్టుకున్న మనిషి. ఆయన మీద ఒట్టు తన ఇంట్లోనే తప్పుతుంటే ఆపకుండా ఉండలేకపోయాడు.

"నాను అడగను మావా" అంది ఆమె. "ఒట్టు ఒట్టే. నువ్వే సెప్పు."

అతను తడి చేతులు తుడుచుకున్నాడు. తరవాత చెప్పాడు.

"నానే తీసాను. టైలు ముక్క కోసింది కూడా నానే. తాడు ఫోటో కోసం కాదే, అది ఉంటే నాకే మంచిది, అంత తెలీనోణ్ణి కాదు. ఆ వీడియో కోసం. క్యాబిన్లో ఉన్నది నాను కాదు, గోపి. ఆడికి లైసెన్సు లేదు. పెద్ద తెర మీద ఏసి సూసారంటే ఆడు జైలుకి పోతాడు. అదొక్కటీ తుడిసేసి, నీకు తెలీకుండా మల్లీ కవర్లో ఎట్టీద్దామనుకున్నాను. తుడవడం నాకు రాదు, ఆడికొచ్చు. అందుకే భీమిలి ఎల్లాను. ఆన్ సేసీసరికి నీ మాట కనబడింది. ఎంటనే అది కూత పెట్టింది. ఆడు దడిసిపోయి ఆపీసాడు. ఏటీ తుడవలేదు. బండి సీటు కింద ఉంది, తీసుకో.

"ఆడు సరదాకి ఎక్కలేదే. ఆణ్ణి ఏటీ అనకు. నాకు కుడికన్ను పోయి సాన్నాల్లయింది. ఎడంది కూడా సరిగ్గా ఆనదు. మెడికల్ సెకప్‌లో తెలిత్తే ఉజ్జోగం తీసేత్తారని ఎవులికీ సెప్పలేదు, నీకూ సెప్పలేదు. ఆడు కనిపెట్టీసాడు. 'బావా, పైన నాను సూసుకుంతాను, కింద నువ్వు తాడు సూడు, అక్కకి తెలిత్తే ఏడుత్తాది' అన్నాడు. రోజూ పొద్దున్న అందరి ముందూ నాను ఎక్కీవోణ్ణి. జనం పన్లో పడ్డాక నాను దిగీవోణ్ణి, ఆడు ఎక్కీవోడు. కింద దుమ్ముకి మొహానికి గుడ్డ కట్టుకుంతే ఎవులికీ తెలిసీది కాదు. ఆ రోజు ఆ తాడు తగిలించింది నా సెయ్యే. గ్లౌజులున్నాయి, పోగులు గుచ్చుకోలేదు. కంటికా, నున్నగానే కనబడింది. నానే సెయ్యెత్తి, లేపరా అన్నాను. టప్పుమంది. చలమయ్య కేకేసాడు. అందరూ పరిగెత్తారు. నాను నిలబడిపోనాను రోజా. ఎటేపు పరిగెత్తాలో నాకు కనబల్లేదు."