అత్తయ్య ఫోన్లో కనబడని బటన్

పిచ్చుక అసలు పేరు ఆఫీసు కార్డు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం పై అంతస్తు దాకా వినిపిస్తుంది. పిట్ట కొంచెం కూత ఘనం అని కాలేజీలో ఎవరో అన్న పాపానికి ఆ పేరు అత్తవారింటి దాకా వెంటబడి వచ్చి స్థిరపడిపోయింది. వెబ్‌సైట్లు కట్టడం ఆమె ఉద్యోగం.

ఈ మధ్య కట్టింది దిక్కులేని కుక్కలకూ పిల్లులకూ నీడనిచ్చే ఒక ఆశ్రమానికి. దాన్ని నడిపేది ఒక పశువుల డాక్టరమ్మ. ఒక్కో జంతువుకు ఒక్కో పేజీ: పైన ఫొటో, మధ్యలో దాని గుణగణాలు నాలుగు ముక్కల్లో, అడుగున ‘నేను పెంచుకుంటాను’ అని ఆకుపచ్చ బటన్. అది నొక్కితే పేరూ చిరునామా అడుగుతుంది, సంగతి డాక్టరమ్మకు చేరుతుంది. ఫొటో, మాటలు, బటన్ మూడూ ఒక్క తెరలోనే పొందిగ్గా ఇమడాలనీ, పేజీ పైకీ కిందికీ జరగకూడదనీ బొమ్మలూ రంగులూ చూసే సహోద్యోగి పట్టుబట్టాడు. ఆఫీసులో అతన్ని రంగులబాబు అంటారు. ముచ్చటగానే ఉంది కదా అని పిచ్చుక అలాగే కట్టింది.

సైటు జనంలోకి వెళ్ళిన రెండో రోజే డాక్టరమ్మ ఫోను చేసింది.

“అమ్మాయ్, మీరు బటన్ పెట్టడం మర్చిపోయినట్టున్నారు.”

“లేదండీ, నా చేత్తో పెట్టాను.”

“మరి జనం లేదంటున్నారే! పొద్దుట్నించీ ఫోన్ల మీద ఫోన్లు. కుక్కకి సూది వేస్తుంటే ఒకాయన, పిల్లికి చెవులు కడుగుతుంటే ఒకావిడ. ‘కుక్క బాగుందండీ, ఎక్కడ నొక్కాలి’ అంటారు. ఎక్కడ నొక్కాలో నాకేం తెలుసు?”

పిచ్చుక తన కంప్యూటర్లో తెరిచింది. బటన్ నిక్షేపంలా ఉంది. తన ఫోన్లో తెరిచింది. అక్కడా ఉంది. కంప్యూటర్లోనే ఫోను తెరను నకలు చేసి చూపించే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అందులో రకరకాల ఫోన్లు ఎంచి చూసింది. అన్నిట్లోనూ బటన్ పచ్చగా మెరుస్తోంది.

“నా దగ్గర బాగానే ఉందండీ,” అంది.

“నీ దగ్గర బాగుంటే కుక్కలన్నిట్నీ నీ దగ్గరికే తోలనా?” అని డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది.

ఇక నకళ్ళతో లాభం లేదని పిచ్చుక లేచి అసలు ఫోన్ల వేటలో పడింది. మధ్యాహ్నం భోజనాల వేళ క్యాంటీన్లో బల్లబల్లకూ తిరిగింది. “ఒక్క నిమిషం మీ ఫోనివ్వరూ?” అంటే కొందరు నవ్వుతూ ఇచ్చారు, కొందరు చేతిలోనే పట్టుకుని చూపించారు. గేటు దగ్గరి కాపలాదారు ఫోను గుండెలకు హత్తుకుని, “వద్దమ్మా, ఇందులో మా ఆవిడ మెసేజులున్నాయి. తిట్లే అనుకో, అయినా సొంతవి కదా,” అన్నాడు.

జీతాలు చూసే పెద్దాయన ఫోన్లో దొంగ దొరికింది. ఆ బ్రౌజరుకు సైటు పేరు కొట్టే చిరునామా పట్టీ పైన కాక అడుగున ఉంది. పేజీ తెర ఎత్తెంతో అడిగితే, ఆ బ్రౌజరు తన పట్టీని లెక్కలోంచి తియ్యకుండా మొత్తం ఎత్తు చెప్పేస్తోంది. పేజీ ఆ మాట నమ్మి సాగింది. అడుగునున్న బటన్ నేరుగా పట్టీ వెనక్కి వెళ్ళి నక్కింది. జరిపి చూద్దామంటే పేజీ జరగదు. కంప్యూటర్లోని నకలు ఫోనుకు ఆ పట్టీయే లేదు, ఇక తెలిసేదెలా!

సాయంత్రానికల్లా సరిచేసింది. పట్టీ పోగా మిగిలిన ఎత్తునే లెక్కలోకి తీసుకోమని పేజీకి చెప్పింది. పెద్దాయన ఫోన్లో బటన్ పట్టీ పైకి వచ్చి కూర్చుంది. డాక్టరమ్మకు ఫోన్ల తాకిడి తగ్గింది. బాసు వచ్చి భుజం తట్టి వెళ్ళాడు.

ఆ రోజు ఇంట్లో భోజనాల దగ్గర పిచ్చుక ఈ కథంతా అభినయంతో సహా చెప్పింది. భర్త పొలమారేలా నవ్వాడు. అత్తయ్య మాత్రం కంచంలోంచి తలెత్తి, “అయితే ఇప్పుడు అందరికీ కనిపిస్తోందా?” అని అడిగింది.

“అందరికీ, అత్తయ్యా!”

“మంచిదమ్మా,” అని ఆవిడ మళ్ళీ తినడంలో పడింది.

అత్తయ్య ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు అరిగినా పొద్దున్నే నడక మానదు. ఎవరినీ ఏదీ అడగదు. అడగాల్సి వస్తే ఆ వస్తువే వద్దనుకునే రకం.

శనివారం ఉదయం పిచ్చుక ఆరేసిన బట్టలు తియ్యడానికి బాల్కనీలోకి వెళ్తే, ఎండలో కుర్చీ వేసుకుని అత్తయ్య కళ్ళజోడు సర్దుకుంటూ ఫోన్ను చూపుడువేలితో పైకి తోస్తోంది. మళ్ళీ తోస్తోంది. తెర మీద ఒక ముసలి నల్లకుక్క, మూతి చుట్టూ నెరిసిన వెంట్రుకలు. దాని పేరు బొగ్గు. ఆ పేజీ పిచ్చుక కట్టిందే.

“ఏం చూస్తున్నారత్తయ్యా?”

“ఏం లేదమ్మా.” అత్తయ్య ఫోన్ ఒళ్ళో బోర్లించింది.

“ఏం లేకపోతే ఆ తోపుడెందుకు?”

అత్తయ్య కాసేపు నసిగింది. “నీ సైటు పెట్టిన రోజు నించీ చూస్తున్నాను. ఆ బొగ్గుని ఇంటికి తెచ్చుకోవాలని ఉంది. నువ్వు పచ్చ బటన్ అన్నావుగా, అదేదో నాకు దొరకట్లేదు. నీ తప్పు కాదులే, సైటు చాలా బాగుంది. నాకే చేతకావట్లేదు.”

“నాకు చెప్పొచ్చు కదా!”

“ఏమని చెప్పను? పొద్దంతా అదే పని చేసి అలిసొస్తావు. అత్తకి ఫోన్ నొక్కడం రాదని అదొకటి తగిలించనా?”

ఫోన్లు చేసి డాక్టరమ్మ ప్రాణం తీసినవాళ్ళే నయం అనిపించింది పిచ్చుకకు. వాళ్ళు సైటును తిట్టారు కాబట్టి సంగతి బయటపడింది. తమనే తిట్టుకుని చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఇంకెంతమందో! తన ఇంట్లోనే ఒకరు, రోజూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ. దీపం కిందే చీకటి.

బట్టలు దండెం మీదే వదిలేసి, ల్యాప్‌టాప్ తెచ్చి అత్తయ్య కాళ్ళ దగ్గర నేల మీద చతికిలబడింది. కేబులుతో ఫోనును ల్యాప్‌టాపుకు కలిపింది. ఫోన్లో అక్షరాలు శనగగింజలంత ఉన్నాయి. చూపు ఆనక అత్తయ్య ఎప్పుడో పెద్దవి చేయించుకుందట. ఒక్క తెరలోనే ఇమడాలన్న పేజీలో నాలుగు ముక్కలూ ఉబ్బి, చోటంతా ఆక్రమించి, బటన్ను తెర అవతలికి నెట్టేశాయి. జరగని పేజీ కాబట్టి అది అక్కడే ఉండిపోయింది, తలుపు మూసిన గదిలో మనిషిలా.

పిచ్చుక వెంటనే రంగులబాబుకు ఫోన్ చేసింది.

“పేజీని జరగనివ్వాలి. అక్షరాలు ఎంత పెద్దవైనా కిందికి సాగాలి.”

“అమ్మో, ఆ కూర్పంతా పాడైపోతుంది! అంత పెద్ద అక్షరాలు ఎవరు పెట్టుకుంటారు చెప్పు?”

“మా అత్తయ్య పెట్టుకుంటుంది. నీ కూర్పు కోసం ఆవిడ కళ్ళు మార్పించమంటావా?”

“మా నాన్న కూడా పెట్టుకుంటాడనుకుంటా,” అన్నాడు చివరికి. “సర్లే, మార్చెయ్.”

మార్చింది. అత్తయ్య ఫోన్లో బటన్ వచ్చింది కానీ, భర్త ట్యాబ్లెట్లో అది తెర వెడల్పంతా పరుచుకుంది. “ఇది బటనా, గరాజు తలుపా?” అన్నాడాయన. అది కుదిస్తే పిచ్చుక ఫోన్లో ఫొటో సాగి బొగ్గు మొహం సొరకాయలా తయారైంది. తలప్రాణం తోకకొచ్చాక, ఇంట్లో ఉన్న తెరలన్నీ బాల్కనీ గట్టు మీద వరసగా పేర్చి చూస్తే, అన్నిట్లోనూ కుక్క కుక్కలాగే, బటన్ బటన్లాగే కనిపించాయి.

“ఇక నొక్కండి,” అంది పిచ్చుక.

అత్తయ్య చీర కొంగుతో వేలు తుడుచుకుని మరీ నొక్కింది. ‘ఎందుకు పెంచుకోవాలనుకుంటున్నారు’ అన్న చోట చాలాసేపు ఒక్కో అక్షరమే కొట్టింది. పిచ్చుక అటు తొంగి చూడకుండా బట్టలు మడత పెట్టుకుంది.

మర్నాడు డాక్టరమ్మ హుషారుగా ఫోన్ చేసింది. “ఏం చేశావో గానీ అమ్మాయ్, ఇప్పుడు వరద! ఎవరూ అడగని ఆ ముసలి బొగ్గుకే ముగ్గురు వచ్చారు.”

ఒక్క మాట చెబితే పని అయిపోయేది. అత్తయ్యనడిగితే ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. “సిఫారసు చెయ్యకు. నాకంటే మంచి ఇల్లు దొరికితే అక్కడికే వెళ్ళనీ.” పిచ్చుక మింగలేక కక్కలేక ఊరుకుంది.

చూపులకు ముగ్గుర్నీ పిలిచారు. ఆశ్రమం వసారాలో బల్ల మీద అత్తయ్య, పక్కన ఒక బస్సు డ్రైవరు, అవతల పిల్లలతో వచ్చిన దంపతులు. పిచ్చుక గేటు బయటే నిలబడి చువ్వల సందులోంచి చూస్తోంది. బొగ్గు వయసు విని దంపతులు పిల్లల వంక చూసుకుని, గెంతులేసే కూన ఏదైనా ఉందా అని అడిగారు. డ్రైవరు నిజాయితీగా, “నేను పొద్దున పోతే రాత్రికి వస్తానండీ,” అన్నాడు.

డాక్టరమ్మ అత్తయ్య వైపు తిరిగింది. “ఇది ఎన్నాళ్ళో బతకదు. గట్టిగా నడవలేదు. మరి మీకెందుకు?”

“నాతో నడిచేవాళ్ళందరూ నన్ను దాటి వెళ్ళిపోతున్నారండీ,” అంది అత్తయ్య. “దాటిపోని తోడొకటి కావాలి.”

డాక్టరమ్మ లోపలికి వెళ్ళి బొగ్గును తాడు కట్టి తీసుకొచ్చింది. డ్రైవరు లేచి బొగ్గు తల నిమిరి, “మంచి చోటికే పోతున్నావురా,” అన్నాడు. ఆయనకు ఒంటరితనం ఇష్టపడే ఒక పిల్లిని చూపించడానికి డాక్టరమ్మ తీసుకెళ్తూ, గేటు దగ్గర పిచ్చుకను చూసి ఆగిపోయింది.

“నువ్వేంటి ఇక్కడ?”

“మా అత్తయ్యండీ.”

“ముందే చెప్పొద్దూ!”

“చెప్తే ఇంట్లోకి రానివ్వనన్నారు.”

డాక్టరమ్మ నవ్విన నవ్వుకు లోపల కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగాయి.

ఇంటికి నడిచే వచ్చారు. అత్తయ్య ఒక స్తంభం దగ్గర ఆగితే బొగ్గు రెండో స్తంభం దగ్గర ఆగింది. ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు. ఇల్లు చేరాక అది గదులన్నీ వాసన చూసి, గిన్నెడు నీళ్ళు తాగి, వంటింటి గడప మీద అడ్డంగా పడుకుంది. టీ కప్పులు పట్టుకుని వస్తున్న భర్త ఒంటికాలి మీద ఆగిపోయాడు.

“అమ్మా, ఇది రోజూ ఇక్కడే పడుకుంటుందా?”

“దాని ఇష్టం. దాటుకుని రా,” అంది అత్తయ్య.