వాసన చూసే పని

ఖాళీ క్యాన్లు తిరిగి రాగానే ఆమె చేసే మొదటి పని వాసన చూడడం. మూతికి ముక్కు ఆనించి ఒక్కసారి గాలి పీలుస్తుంది. బాగుంటే కడగడానికి కుడివైపు, లేకపోతే పారేయడానికి ఎడమవైపు. నీళ్ళ క్యానులో జనం నీళ్ళే పోస్తారన్న నమ్మకం ఆమెకు లేదు. కిరోసిన్ పోస్తారు, యాసిడ్ పోస్తారు, ఒకాయన చేపల్ని పెంచాడు. సబ్బూ వేడినీళ్ళూ మరకను తీస్తాయి గానీ ప్లాస్టిక్‌లోకి ఇంకినదాన్ని తీయవు. ఇది అత్తగారు నేర్పిన పద్ధతి.

భర్త పోయాక నీళ్ళ ప్లాంటును ఆమె, మరిది కలిసి నడుపుతున్నారు. కడగడం, నింపడం, ఫోన్లు ఆమెవి. ట్రాలీ ఆటో అతనిది. సిగరెట్ల పుణ్యాన అతని ముక్కుకు ఏ వాసనా తెలియదు. "మా వదిన ముక్కే మాకు ల్యాబు. కరెంటు కూడా అక్కర్లేదు" అని ఇంటింటా చెబుతాడు. అలా వీధుల్లో ఆమె పేరు ముక్కమ్మ అయింది.

ఆ సోమవారానికి ఆమెకు జలుబు పట్టి మూడు రోజులు. మొహం ముందు ఉల్లిపాయ కోసినా ఏమీ తెలియడం లేదు. ఆ మాట మరిదికి చెప్పలేదు. చెబితే క్యాన్లు ఆగుతాయి. ఒక్కరోజు ఆగితే చాలు, పక్కవీధిలో కొత్తగా ప్లాంటు పెట్టినవాడు ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళిపోతాడు. అందుకని ప్రతి క్యానునూ ఎత్తింది, ముక్కుకు ఆనించింది, కుడివైపు పెట్టింది. యాభై రెండు క్యాన్లూ కుడివైపే వెళ్ళాయి. ఎడమవైపు ఒక్కటీ లేదని గమనించింది. ఈసారి జనానికి బుద్ధి వచ్చిందిలే అనుకుంది.

పదకొండింటికి చెదల మందు కొట్టే మనిషి వచ్చాడు.

"అమ్మా, నిన్న మీవాడికి ఇచ్చిన ఖాళీల్లో నాదొకటి కలిసిపోయింది. నేను మందు కలుపుకునే క్యాను. తీసి పక్కన పెట్టే ఉంటారుగా?"

ఆమె చేతిలోని బ్రష్షు కింద పెట్టింది. "గుర్తేమైనా ఉందా?"

"గుర్తెందుకమ్మా? మూత తీస్తే గుప్పున కొడుతుంది. మీ దగ్గర దాగుతుందా అది?" అని నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపాడు.

"కడిగితే పోతుందా?"

"పోదమ్మా. నేను గ్లవ్స్ లేకుండా ముట్టుకోను దాన్ని."

అప్పటికి ముప్పై నాలుగు క్యాన్లు ఇళ్ళకు చేరాయి. ప్లాంటులో పద్దెనిమిది మిగిలాయి. చెదల మందు మనిషి ఆ పద్దెనిమిదీ మూతలు తీసి చూశాడు. వాటిలో లేదు.

మరిది ఖాళీ ఆటోతో వచ్చాడు. ఆమె జలుబు సంగతితో సహా అంతా చెప్పింది. అతను చాలాసేపు ఆమె ముక్కు వంకే చూశాడు.

"చేతులెత్తి మొక్కుతాను వదినా, మందు మాట బయటికి రానీకు. వచ్చిందా, రేపటి నుంచి ఈ షట్టరు ఎత్తే పనే ఉండదు. మూతలు లూజుగా పడ్డాయని చెప్దాం. నేను తిరిగి తెచ్చేస్తాను."

"మూతలంటే ఎవరు పట్టించుకుంటారు?"

"పట్టించుకుంటార్లే. నువ్వు చెబితే వింటారు."

ఆమె ఫోన్ తీసుకుంది. "మూతలు సరిగ్గా పడలేదండీ, వాడకండి, మా మరిది వచ్చి మార్చేస్తాడు." ఇదే మాట ముప్పై నాలుగు సార్లు. అందరూ సరేనన్నారు, కుట్టుపని షెడ్డు మాస్టారు తప్ప.

"మూతేగా ముక్కమ్మా? దాన్ని ఎప్పుడో పీకి పారేశాను. క్యాను స్టాండెక్కి కూర్చుంది. దీనికోసం మళ్ళీ ఆటో ఎందుకు, దండగ?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మరిది ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"సరే మాస్టారూ" అంది. మరిది జాబితాలో ఆ పేరు కొట్టేశాడు.

రెండున్నరకల్లా ముప్పై మూడు క్యాన్లు వెనక్కి వచ్చాయి. చెదల మందు మనిషి వరసగా కూర్చుని వాసన చూశాడు. ఒక్కో క్యాను పక్కకు జరుగుతుంటే ఆమె మిగిలినవి లెక్కపెట్టింది. ఐదు. మూడు. ఒకటి.

"వీటిలో లేదమ్మా."

మాస్టారుకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మిషన్ల మోతలో ఫోన్ వినబడదని ఆమెకు తెలుసు.

షెడ్డు నాలుగు వీధుల అవతల, మేడ మీద. ఆటో ఆగకముందే ఆమె దిగింది. మెట్ల మీదికి మిషన్ల చప్పుడు వస్తోంది. అది వినగానే ఆమెకు కాస్త ఊపిరి వచ్చింది. పని జరుగుతోందంటే అందరూ బాగున్నట్టే.

లోపల స్టాండు మీద క్యానులో నీళ్ళు సగానికి దిగాయి.

"ఎవరూ తాగకండి! అందులో చెదల మందుంది!"

మిషన్లు ఒకటొకటిగా ఆగాయి. ఒకామె చేతిలోని గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది.

"మూత అన్నావుగా?" అన్నాడు మాస్టారు.

"అబద్ధం చెప్పాను."

"నేను చెప్తూనే ఉన్నా" అంది గ్లాసు పెట్టినామె. "నీళ్ళు అదో రకం వాసనొస్తున్నాయి అని. మాస్టారే, ముక్కమ్మ చూశాక మళ్ళీ మనం చూసేదేంటన్నారు. నేను పొద్దున ఒక గుక్క తాగి వదిలేశాను, ఇప్పుడు దాహం ఆగక మళ్ళీ పట్టుకున్నాను."

"ఇంకెవరు తాగారు?"

ముగ్గురు చేతులెత్తారు. మరిది ఆ నలుగురినీ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మెట్ల వైపు నడిపించాడు. ఒకామె నడుస్తూనే ఏడుపు మొదలుపెట్టింది. ముక్కమ్మ మిషన్లు లెక్కపెట్టింది. తొమ్మిది. మెట్ల వైపు వెళ్ళినవాళ్ళతో కలిపినా కుట్టేవాళ్ళు ఎనిమిది మందే. గోడవారగా ఉన్న మిషన్ మీద చొక్కా చెయ్యి సగం కుట్టి ఉంది.

"ఇక్కడి ఆవిడేది?"

"కడుపులో తిప్పుతోందని ఇంటికెళ్ళింది" అన్నాడు మాస్టారు. "పన్నెండప్పుడు."

"నీళ్ళు తాగిందా?"

"అన్నం తెచ్చుకోలేదు. పొద్దుటి నుంచీ నీళ్ళతోనే సరిపెట్టుకుంది."

"ఇల్లెక్కడ?"

మాస్టారు ఆడవాళ్ళ వైపు చూశాడు. ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఇంటికెళ్ళినావిడ పనిలో చేరి నాలుగు రోజులే అయింది. ఒంటరిగా గది తీసుకుందని తెలుసు. ఎక్కడో ఎవరూ అడగలేదు.

మాస్టారు ఆవిడ నంబరు నొక్కాడు. గోడవారగా, సగం కుట్టిన చొక్కా కింద ఫోన్ మోగింది.