మార్గరెట్ మొక్క

యజ్ఞనారాయణ రిటైరయ్యేదాకా కెనడాలోని నోవా స్కోషియాలో వంతెనలు కట్టిన ఇంజనీరు. ఏ పని మొదలుపెట్టినా ముందు గుర్తులు పెట్టడం ఆయన అలవాటు. ఎర్ర జెండా పాతకుండా నేలలో గునపం దించడం ఆయన దృష్టిలో నేరమే. ఆ జెండాయే ఆయన కొంప ముంచింది.

అది 2023 వేసవి. హాలిఫాక్స్‌లో ఎటు చూసినా చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలే. సిటీ బస్సులో తెలుగు, కాఫీ షాపు కౌంటర్ వెనకాల తెలుగు, హార్బర్ దాటించే ఫెర్రీలో తెలుగు. అద్దెకి గది దొరక్క ఆ పిల్లలు పడే పాట్లు చూడలేక, ఆయన భార్య భ్రమరాంబ తమ బేస్‌మెంట్‌ని నిజామాబాద్ నుంచి వచ్చిన సాత్వికకీ, ఆమె స్నేహితురాలికీ ఇచ్చేసింది. వాళ్ళు వచ్చిపోవడానికి ఇంటి పక్కగా మెట్లూ, నడిచే దారీ వేయించాలని యజ్ఞనారాయణ సంకల్పించాడు. సరిగ్గా అప్పుడే కూతురు విద్య ఇల్లు మారుతోందని భ్రమరాంబ టొరంటో పక్కనున్న మార్కమ్ బయల్దేరింది.

"నీ మార్గరెట్ మొక్కకి ఏ ఢోకా లేదు. దాని పక్కన జెండా పాతి, దాన్ని వదిలేసి మిగతావి తవ్వమంటాను" అని ఆయన మాటిచ్చాడు.

"సరేలెండి" అని ఆవిడ సూట్‌కేస్ జిప్పు లాగింది. భార్యకి తన మీద అంత నమ్మకమా అని ఆయన మురిసిపోయాడు.

ఆ పక్క తలుపు దగ్గర ఉన్నవన్నీ హోస్టాలు. నీడలో దుబ్బులు కట్టే ఆకుల మొక్కలు. చలికాలం ఆనవాలు లేకుండా పోయి, మంచు కరిగాక మళ్ళీ నేలలోంచి తల ఎత్తుతాయి. వాటిలో ఒకటి, వాళ్ళు ఈ ఊరొచ్చిన కొత్తలో పక్కింటి మార్గరెట్ ఇచ్చింది. దాని అసలు పేరేమిటో మార్గరెట్ చెప్పలేదు, భ్రమరాంబ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మార్గరెట్ లేదు. ఆ ఇల్లు కొన్నవాళ్ళు పెరడంతా రాళ్ళు పరిచేశారు.

కాంట్రాక్టర్ తనకి చెప్పినట్టే జెండా ఉన్న మొక్కని వదిలేసి మిగతావన్నీ పెకలించి, ట్రక్కులో వేసుకుపోయి, కాంక్రీటు పోశాడు. ఆ సాయంత్రం యజ్ఞనారాయణ భార్యకి ఫోన్ చేసి గొప్పగా, "నీ మొక్క తలుపుకి కుడివైపుదేగా?" అన్నాడు.

"కుళాయి పక్కది. ఏం?"

"ఏం లేదు" అన్నాడాయన. కుళాయి పక్కన ఇప్పుడు మూడో మెట్టు ఉంది.

రాత్రంతా ఆయనకి కునుకు పట్టలేదు. భ్రమరాంబ వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు తిరిగొస్తుంది. ఈలోగా అచ్చం అలాంటి మొక్కని తెచ్చి, మెట్టు పక్కన పాతి, ఏమీ ఎరగనట్టు నిలబడాలి. ఆవిడకి ఈ దేశంలో దొరికిన మొదటి స్నేహితురాలి గుర్తు అది. అది తన చేతుల మీదుగా పోయిందని తెలిస్తే ఆవిడ అరవదు. ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమంటేనే ఆయనకి భయం.

నర్సరీకి వెళ్తే షెడ్డు నిండా హోస్టాలే. అక్కడి అమ్మాయి ఓపిగ్గా అడిగింది. ఆకు పచ్చనా, నీలమా? అంచు తెలుపా, పసుపా? నునుపా, ముడతలా? పూలకి వాసన ఉంటుందా?

"పచ్చగా ఉంటుంది" అన్నాడాయన. కాసేపు ఆలోచించి, "ఆకులాగే ఉంటుంది" అని కూడా చెప్పాడు. పూల సంగతి అడిగితే నవ్వొచ్చింది. ఆకుల మొక్కని ఎవరు వాసన చూస్తారు?

ఇంటికొచ్చి ఫోటోలు వెతికాడు. ప్రతి ఫోటోలో భ్రమరాంబ స్పష్టంగా ఉంది, వెనకాల మొక్క అలుక్కుపోయి ఉంది. సాత్విక వాటిని కత్తిరించి, పెద్దవి చేసి, తన ఫోన్లో మొక్కల పేర్లు చెప్పే యాప్‌లకి చూపించింది.

"అంకుల్, ఒక యాప్ క్యాబేజీ అంటుంది, ఇంకోటి లెట్యూస్ అంటుంది" అంది. "ఏదైతే ఏంది, రెండూ తినొచ్చు."

ఆయన నవ్వే స్థితిలో లేడు. అయితే తిండి మాటతో వ్రతం గుర్తొచ్చింది, వ్రతంతో వాయనం గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట దుబ్బు బాగా బలిసిందని భ్రమరాంబ ఒక పిలక విడదీసి, శనగలూ, తాంబూలంతో పాటు సీతాదేవికి వాయనమిచ్చింది. ఆ కుండీని కారు దాకా మోసింది తనే. ప్రాణం లేచొచ్చి సీతాదేవికి ఫోన్ చేశాడు.

"మొక్కా? ఏ మొక్క అన్నయ్యగారూ?" అని సీతాదేవి నీళ్ళు నమిలింది.

వాయనంలో వచ్చే జాకెట్టు ముక్కల సంగతి తెలిసినవాళ్ళకి ఇక్కడ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ముక్క ఎవరూ కుట్టించుకోరు. బీరువాలో కాసేపు విశ్రాంతి తీసుకుని, వచ్చే శుక్రవారం మరో పేరంటానికి బయల్దేరుతుంది. మార్గరెట్ మొక్కదీ అదే దారి. సీతాదేవి దాన్ని మరుసటి వారమే సరోజకి ఇచ్చేసింది. సరోజ దాన్ని మీనాక్షికి ఇచ్చేసింది. సీతాదేవీ, సరోజా ఇద్దరూ చివర్లో ఒకే మాట అన్నారు. "భ్రమరాంబగారితో మాత్రం అనకండి."

మీనాక్షి ఇల్లు హార్బర్ అవతల డార్ట్‌మత్‌లో. ఆయన గునపం, ఖాళీ బియ్యం సంచీ పట్టుకుని ఫెర్రీ ఎక్కాడు. ఆవిడ పెరట్లో చెత్త డబ్బాల వెనక, చాపంత దుబ్బు కట్టి, పచ్చగా నిగనిగలాడుతోంది మొక్క.

"నేనూ ఎవరికైనా ఇచ్చేద్దామనే అనుకున్నా అంకుల్" అంది మీనాక్షి నిజాయితీగా. "ఈలోగా అది వేళ్ళు దించేసింది. ఆంటీకి చెప్పకండి."

సగం దుబ్బు మట్టితో సహా సంచీలోకి ఎక్కించి, ఒళ్ళో పెట్టుకుని ఫెర్రీలో తిరిగొచ్చాడు. ఇంటికి చేరి పాతి, నీళ్ళు పోసి, ఆకులు తడిగుడ్డతో తుడిచాడు. పచ్చగా ఉంది. ఆకులాగే ఉంది. ఇంకేం కావాలి?

గురువారం మధ్యాహ్నం భ్రమరాంబ వచ్చింది. మెట్లు చూసింది, మొక్క చూసింది, "బాగున్నాయి మెట్లు" అని లోపలికి వెళ్ళింది. యజ్ఞనారాయణ గుండెల మీంచి బండ దిగింది. హుషారుగా రేపటికి శనగలు నానబోశాడు.

పొద్దు వాలుతుండగా బయటి నుంచి పిలుపొచ్చింది. "ఏమండీ, ఒకసారి ఇలా రండి."

ఆవిడ మొక్క దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. పొద్దున మొగ్గగా ఉన్నది ఇప్పుడు విచ్చుకుంది. పొడుగాటి తెల్లటి పువ్వు. మెట్ల దాకా కమ్మటి వాసన.

"ఇది ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి? నీ మార్గరెట్ మొక్కే."

"నా మార్గరెట్ మొక్క చచ్చిపోయి మూడేళ్ళయింది" అంది భ్రమరాంబ.

ఆయన మూడో మెట్టు మీద కూర్చున్నాడు.

"నేను మంచులో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను చూడండి, ఆ ఏడు. మళ్ళీ ఎక్కడ పడతానోనని రోజూ నేను లేవకముందే, మంచు కరగాలని ఈ తలుపు ముందంతా ఉప్పు జల్లారు. బస్తాలకి బస్తాలు. వసంతం వచ్చాక అది లేవలేదు. నా కోసం జల్లిన ఉప్పు కదా, మీకెలా చెప్పను? కొట్లో అలాంటి పచ్చది చూసి తెచ్చి పెట్టాను. దానికి వాసన లేదు."

మల్లెలు దొరకని ఈ ఊళ్ళో శ్రావణం వస్తే భ్రమరాంబ జడలో ఈ పువ్వే ఉండేది. మూడు శ్రావణాలుగా ఆ జడ ఖాళీగా ఉంది. రోజూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ కూడా తను గమనించలేదు. యజ్ఞనారాయణకి తన మీద తనకే సిగ్గేసింది.

"సీతాదేవిని అడిగితే పిలక ఇచ్చేది కదా" అన్నాడు మెల్లగా.

"వాయనమిచ్చింది తిరిగి అడుగుతారా ఎవరైనా? తప్పు కాదూ?"

మూడిళ్ళలో అడిగిన మనిషి గబగబా ఫోన్ తీశాడు. మాట మార్చడానికి సాత్విక పెట్టిచ్చిన యాప్‌కి పువ్వుని చూపించాడు. ఈసారి అది తడుముకోలేదు. "ఇదిగో, దీని పేరు హోస్టా ప్లాంటజీనియా అట" అని చదివాడు.

"దీని పేరు మార్గరెట్" అంది భ్రమరాంబ. పువ్వు తుంచి జడలో పెట్టుకుంది. "అయితే సీత దగ్గర తెచ్చారన్నమాట. ఇన్నేళ్ళూ అంత జాగ్రత్తగా కాపాడిందా!"

ముగ్గురికిచ్చిన మాట ఆయన గొంతుకి అడ్డం పడింది. "ఆఁ" అన్నాడు.

మర్నాడు వ్రతానికి అందరూ వచ్చారు. వాయనాల వేళ భ్రమరాంబ అందరి ముందూ ఒక పెద్ద కుండీ తెచ్చి సీతాదేవి చేతిలో పెట్టింది. "నీలాగా ఇంకెవరూ కాపాడలేరు సీతా. దీని పిలక మళ్ళీ నీ దగ్గరే ఉండాలి" అంది తడికళ్ళతో. సరోజ, మీనాక్షి తమ శనగల వంక చూసుకున్నారు. సీతాదేవి యజ్ఞనారాయణ వంక చూసింది. ఆయన సీలింగు ఫ్యాను వంక చూశాడు.

కుండీని మళ్ళీ ఆయనే కారు దాకా మోశాడు. సీతాదేవి డిక్కీ తెరిచి, గొంతు తగ్గించి అడిగింది. "అన్నయ్యగారూ, దీనికి రోజూ నీళ్ళు పోయాలా?"

"పొయ్యండమ్మా" అన్నాడు యజ్ఞనారాయణ. "ఉప్పు మాత్రం జల్లకండి."