ఒకే రంగు క్యాప్సూళ్లు

పెద్దకోడలు స్నానానికి వెళ్లగానే చిన్నకోడలు రెండు మందు సీసాలూ కిందికి దించింది. అక్క వేళ్లకు మూత తిప్పే శక్తి లేదు కాబట్టి ఈ పని ఎప్పుడూ చిన్నకోడలిదే. తన సీసాలోని క్యాప్సూల్ అక్క పళ్లెంలో పెట్టి, అక్క సీసాలోది తాను గుటుక్కున మింగింది. రోజూ ఇదే దొంగతనం.

అత్తగారు పోయి ఏళ్లయినా దర్జీ దుకాణంలో ఈ తోడికోడళ్ల పేర్లు అవే. ఒకే బల్ల మీద కూర్చుని కోట్లకు కాజాలు కుడతారు. ఇద్దరికీ కీళ్లవాతమే. రోగాన్ని కూడా వాటాలు వేసుకున్నారని మాస్టరు వేళాకోళం.

పెద్దాసుపత్రిలో ఏదో యాంటీఆక్సిడెంటును పరీక్షిస్తుంటే ఇద్దరూ చేరారు. పాత మందులు మానకూడదు. సగంమందికి అసలు క్యాప్సూల్, సగంమందికి అదే రంగులో ఉత్తిది. ఎవరిది ఏదో డాక్టరుకూ తెలియదు. ఒంట్లో తుప్పు పట్టకుండా ఆపుతుందేమో చూస్తున్నామని ఆయన అంటే, "మేమేమైనా సూదులమా బాబూ?" అని పెద్దకోడలు అందరినీ నవ్వించింది.

మొదట్లో చిన్నకోడలి వాపు తగ్గింది, అక్కది తగ్గలేదు. ఇంకేం, తనదే అసలు మందని తేల్చేసుకుని, అప్పటి నుంచి క్యాప్సూళ్లు మార్చేస్తోంది పిచ్చితల్లి.

ఆ రోజు దుకాణంలో పెద్దకోడలు చేతులు ముందుకు చాపి చూసుకుంది.

"ఇవాళ వేళ్లు కాస్త మాట వింటున్నాయే."

చిన్నకోడలికి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. మధ్యాహ్నం అక్క సగం కుట్టిన కోటు కాజాలో సూది గుచ్చి, "కాసేపు నడుం వాలుస్తా. దీన్ని ముట్టుకోకు, నీవన్నీ వంకర కుట్లు" అని గుడ్డల మూట మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు.

మనిషి పోయింది కాబట్టి ఆసుపత్రిలో ఇద్దరి సీసాల గుట్టూ విప్పి చూశారు.

"మీ అక్కగారిది అసలు మందేనమ్మా. మీది ఉత్తిది" అన్నాడు డాక్టరు.

చిన్నకోడలు తన చెయ్యి చాపి చూపించింది. "మార్చేశాను సార్. రోజూ, నా చేత్తోనే."

డాక్టరు ఫైలు మూసి పక్కన పెట్టాడు. "ఆ మందు కీళ్లకు పనిచేస్తుందనడానికే సరైన రుజువు లేదమ్మా. గుండెకూ దానికీ సంబంధం లేదు. మీ తప్పేం లేదు."

"మరి ఆ రోజు వేళ్లు మాట వింటున్నాయంది. దేనికి విన్నాయి సార్? ఉత్తిదానికా?"

అడుగుతూనే ఆమె ఏడ్చేసింది.

మాస్టరు ఆ కోటు బదులు గిరాకీకి ఇంకోటి కుట్టి ఇచ్చాడు. పాతది ఇప్పటికీ దుకాణం గోడకు వేలాడుతోంది. సగం కాజాలో గుచ్చిన సూది, గుడ్డకు అంటిన చిన్న తుప్పు మరక.